కింది నుంచి పైకి

"ఇంకా కిందే ఉంచు. నేను చెప్పేదాకా పైకి రాకు" అని కారు లోపలి నుంచి అరిచింది వెర్నా.

బయట గుర్మేజ్ రబ్బరు గొట్టం పట్టుకుని ముందు తలుపు అడుగు అంచు మీద సన్నగా నీళ్లు పోస్తున్నాడు. షెడ్డు రేకుల మీద వాన సరేసరి. కెనడా పడమటి తీరంలోని ప్రిన్స్ రూపర్ట్‌లో వాన పడుతోందని ఎవరూ చెప్పుకోరు. ఆగితే చెప్పుకుంటారు.

డ్రైవరు సీటు ఊడదీసి షెడ్డులో ఓ మూల పెట్టారు. సీటు ఉండాల్సిన చోట వట్టి ఇనుప నేల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది వెర్నా. అరవై దాటిన మనిషి. ఎముకలగూడు ఒళ్లు, మగాడిలా కత్తిరించుకున్న నెరిసిన జుట్టు, దాని మీద చెవులు కప్పే ఉన్ని టోపీ. గోళ్ల సందుల్లో ఎన్నేళ్ల నుంచో పోని నల్ల జిగురు. చిటికెన వేలు ఎప్పుడో తలుపులో పడి నలిగి, వంకరగా మిగిలిపోయింది. ఇనుము మీద పిల్లలకు రాసే పౌడరు పల్చగా చల్లి పెట్టుకుంది. నీటిచుక్క ఏ దారిన వచ్చినా ఆ తెల్లటి మీద గీత పడుతుంది. టార్చి వెలుగు ఆ గీత కోసమే తిప్పుతోంది.

కారులోకి వాన ఎక్కణ్ణుంచి కారుతోందో పట్టాలంటే నీళ్లు కింది నుంచి పైకి పోసుకుంటూ రావాలి. అదీ పని. ముందు తలుపు అడుగు, తర్వాత తలుపు నడుము, అద్దం మూల, ఆఖరికి పైకప్పు. ఒక్కో చోట ఆగి, లోపల కళ్లు పెట్టుకుని చూడాలి. తొందరపడి పైనుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిటి మీదా పారి, కారులో ప్రతి అతుకూ దొంగలాగే కనిపిస్తుంది. గుర్మేజ్‌కి ఆ ఓపిక లేదు. షెడ్డు అతనిదే అయినా గొట్టం దగ్గర మాత్రం వెర్నా చేత తిట్లు తింటాడు.

"బెహన్‌జీ, నా చెయ్యి మొద్దుబారిపోయింది. లోపల నిద్రపోయావా?"

"నువ్వు మాట్లాడితే నాకు చుక్క చప్పుడు వినపడదు."

చెవి ఇనుముకి ఆనించింది. చుక్క లేదు. పౌడరు పౌడరులాగే ఉంది.

తడి కనిపించిన చోటే నీళ్లు వస్తున్నాయనుకుంటారు జనం. వెర్నా ఆ మాట నమ్మదు. అసలు కారు తెచ్చినవాళ్లు చెప్పే ఏ మాటా నమ్మదు. కుక్క తడిసి ఎక్కిందంటారు, అద్దం దించి మర్చిపోయామంటారు, పిల్లాడు జ్యూసు ఒలకబోశాడంటారు. వాసన చూస్తుంది, వేలితో నొక్కుతుంది, అప్పుడు మాట్లాడుతుంది. ఇంటి దగ్గరా అదే వరస. పాలడబ్బా మీద తారీకు చూశాక కూడా వాసన చూస్తుంది. పై వాటాలో వాళ్లు మెట్ల మీద నవ్వితే ఇవాళ ఎందుకు నవ్వారా అని తలుపేసుకున్నాక ఆలోచిస్తుంది. కాపురం చేసిన రోజుల్లో మొగుడు "ఇంట్లోనే ఉన్నా" అంటే వాకిట్లోకెళ్లి అతని బండి ముందు రేకు మీద చెయ్యి పెట్టి వేడిగా ఉందేమో చూసేది. ఓ రోజు వేడిగానే ఉంది. ఆ ఒక్కసారి తన అనుమానం నిజమైంది కదా, ఇంక ఆ తర్వాత ఆపుకోలేకపోయింది. కూతురు డెనీస్ బడి నుంచి రాగానే పిల్ల మొహం కంటే ముందు బూట్లు చూసేది, మడమ కింద ఏ వీధి మట్టి ఉందోనని. ఇప్పుడా పిల్ల ఎడ్మంటన్‌లో ఉంటోంది. ఆదివారం ఫోన్ చేస్తుంది. అక్కడ మంచు అంటుంది. ఇక్కడ వాన అంటుంది వెర్నా. అంతే, పెట్టేస్తారు.

ఈ కారు తెచ్చినతను ట్రెంట్. గోధుమలు ఓడలకెత్తే రేవులో పని. పొద్దున్నే, షెడ్డు తలుపు తీస్తుండగానే వచ్చి నిలబడ్డాడు. నున్నగా గీసుకున్న గడ్డం, ఉతికి మడతపెట్టిన పని కోటు. కారు కూడా అలాగే ఉంది, లోపల ఒక్క కాగితం ముక్క లేదు. వెనక పాపాయి సీటు మీద బిస్కట్ పొడి కూడా లేదు. పసిపిల్లలున్న కారు అలా ఎలా ఉంటుందా అని అప్పుడే అనుకుంది వెర్నా.

"డ్రైవరు కాళ్ల దగ్గర ఎప్పుడూ తడేనండీ" అన్నాడు. గొంతు మెత్తగా ఉంది. "నాకు తెలిసినంతలో నేనూ జిగురు పెట్టాను, ఆగలేదు. నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో నాకు తెలియాలి. బాగు చెయ్యడం తర్వాత చూద్దాం."

ఇన్నేళ్లలో ఆ మాట అన్నవాళ్లు లేరు. అందరూ ఆరబెట్టి ఇవ్వమంటారు, ఎక్కణ్ణుంచి వచ్చిందో వాళ్లకెందుకు?

"ఎవరు నడుపుతారు?"

"మా ఆవిడ. ఎక్కడికీ వెళ్లదండీ. ఇల్లు, సరుకుల కొట్టు, అంతే." కోటు మడత సర్దుకుంటూ, "అంతేనని చెప్తుంది" అన్నాడు.

అతను వెళ్లాక గుర్మేజ్, "పద్ధతైన మనిషి బెహన్‌జీ. మన కుర్చీ తుడుచుకుని మరీ కూర్చున్నాడు" అన్నాడు.

"మరీ పద్ధతైన మనిషి" అంది వెర్నా.

అన్నదే గానీ, అనుమానం అతని మీద నిలవలేదు. ఎక్కడికీ వెళ్లని మనిషి సీటు పట్టాల సందున ఇసుకేమిటి? కారులో ఉన్న అతుకులతో పాటు, మొహం చూడని ఆ అమ్మాయిని కూడా దొంగల లెక్కలో వేసేసుకుని పనిలోకి దిగింది.

ముందు తలుపు, అద్దం, పైకప్పు అన్నీ అయ్యాయి. గీత పడలేదు. వెనక తలుపు దగ్గరికొచ్చేసరికి ఇనుము లోపల గుడగుడ మొదలైంది. చూస్తుండగానే గడప మీంచి నీళ్లు పొంగి లోపలికి దిగాయి.

"ఆపు, ఆపు!"

దిగి, తలుపు కింద చెయ్యి పెట్టి తడిమింది. ఏ కారు తలుపులోకైనా వాన దిగుతుంది. దిగిన నీళ్లు పోవడానికి అడుగున చిన్న రంధ్రాలుంటాయి. ఈ తలుపుకి ఆ రంధ్రాలన్నీ తెల్ల సిలికాన్‌తో మూసేసి ఉన్నాయి, స్నానాలగదిలో పలకల మధ్య పెట్టుకునే రకం. దాన్ని వేలితో నున్నగా దిద్దారు కూడా.

గుర్మేజ్ వంగి చూశాడు. "ఈ రంధ్రాల్లోంచే నీళ్లొస్తున్నాయనుకున్నాడు దొరగారు! ఎంత నీటుగా పెట్టాడో చూడు, పెళ్లికూతురి గోళ్లకి రంగేసినట్టు."

"ఇది వెనక తడి సంగతి. ముందు తడి దీనివల్ల కాదు."

"ఇదీ తడే, అదీ తడే. రంధ్రాలు తెరిచి కారిచ్చేద్దాం. అన్నం వేళయింది."

వెర్నా మళ్లీ లోపలికి దూరింది. పైకెత్తి కట్టిన కార్పెట్ అడుగున దళసరి స్పాంజి ఉంది. బొటనవేలితో గట్టిగా నొక్కింది. ఊరిన నీళ్లలో వేలు ముంచి నాలుకకు రాసుకుంది. వాన నీటికి రుచి ఉండదు. ఇంజను నీళ్లయితే తియ్యగా జిడ్డుగా ఉంటాయి, వెంటనే ఉమ్మెయ్యాలి. ఇవి ఉప్పగా ఉన్నాయి.

ఇంకోసారి నొక్కింది. ఇంకోసారి నాకింది. రోడ్ల మీద ఉప్పు చల్లే రోజులింకా రాలేదు, మంచే పడలేదు. టార్చి దగ్గరగా పెట్టి స్పాంజిని చీల్చి చూస్తే పచ్చటి నాచు పోగు ఒకటి, రాళ్లకు అంటుకుని పెరిగే గుల్లల పొడి కాస్త కనిపించాయి. నీళ్లు పైనుంచీ రాలేదు, పక్కనుంచీ రాలేదు. ఎవరో కాళ్లతో మోసుకొచ్చారు.

తన మీద తనకే కోపమొచ్చింది. ఈ ఊళ్లో తడి అంటే వానే. పుట్టినప్పటినుంచీ నెత్తిమీద వానే కాబట్టి ఇంకో నీళ్లుంటాయని ఎవరికీ తోచదు. ఇంత అనుమానం మనిషి, తనూ పొద్దున్నంతా వాన కోసమే వెతికింది.

అన్నాల వేళ గుర్మేజ్ డబ్బా విప్పి ఆమె ముందుకు రొట్టె తోశాడు. ఆమె దాన్ని విప్పి, లోపల కూర వాసన చూసింది.

"ఏం కలిపావు ఇందులో?"

"విషం. మా ఆవిడ నీకోసమని వేరే చేసింది."

తింటుండగా ఫోన్ మోగింది. ట్రెంట్. ఓడ దగ్గర గాలి హోరు వినిపిస్తోంది. "దొరికిందాండీ?"

దొరికితే చెప్పకుండా ఉండలేదు వెర్నా. అందులో ఉన్న సుఖం వేరు. "రెండు దొరికాయి. వెనక తలుపు కింద రంధ్రాలు మీరే మూసేశారు. అదొకటి. ముందు వైపుది వాన కాదు. ఉప్పునీళ్లు. సముద్రం."

"సముద్రం" అన్నాడు ట్రెంట్, మెల్లగా, ఆ మాటని దాచుకుంటున్నట్టు. "చాలండీ. నాకు కావలసింది అదే. మా ఆవిడతో ఈ సంగతి అనకండి."

ఫోన్ పెట్టాక వెర్నా రొట్టె ముట్టలేదు.

"ఏమైంది?" అన్నాడు గుర్మేజ్.

"కారు ఎప్పుడిస్తారని అడగలేదు."

"అడక్కపోతే హాయి."

"ఎవడైనా అడుగుతాడు కదా! అడగనివాడికి ఇంకేదో కావాలి." చేతులు తుడుచుకుంటూ లేచింది. ఏం చెప్పిందో అప్పటికి గానీ తెలియలేదు. ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయని తను వెతికింది. వాటిలో ఎవరు నిలబడ్డారని అతను వెతుకుతున్నాడు.

మధ్యాహ్నమంతా ఆ మాటే నమిలింది. వెనక సీటు కూడా ఊడదీసి, కొక్కెం తీగతో తలుపు రంధ్రాల్లో సిలికాన్ గీకింది. కుళ్లు వాసనతో నీళ్లు భళ్లున బూట్ల మీద పడ్డాయి. అవి మాత్రం వానే. రబ్బరు అంచులు తుడిచి కొత్త జిగురు పెడుతుంటే, షెడ్డు గుమ్మంలో ఎవరో నిలబడి ఉన్నారు.

చిన్నమ్మాయి. మగాడి వానకోటు తొడుక్కుని బొత్తాలన్నీ పెట్టుకుంది. కోటు ముందు ఎత్తుగా ఉంటే నిండు నెలలేమో అనుకుంది వెర్నా. ఆ ఎత్తు కదిలి, మెడ దగ్గర్నుంచి ఓ పసిమొహం బయటికొచ్చింది. అమ్మాయి జుట్టు తడిసి నుదుటికి అంటుకుంది. గుట్ట మీంచి నడిచే దిగినట్టుంది. కాళ్లకు రబ్బరు బూట్లు. వాటి మోకాళ్ల కింద, ఎంత వాన కడిగినా పోని తెల్లటి గీత.

"ఇది మా కారండీ. పొద్దున లేచేసరికి వాకిట్లో లేదు."

"మీ ఆయన తెచ్చాడు."

"ఎదురింటావిడ చెప్పింది." కళ్లు కారు లోపలికి పోయాయి. ఊడదీసిన సీట్లు, ఎత్తికట్టిన కార్పెట్, పౌడరు. మొహంలో రంగు పోయింది. "ఇప్పుడిచ్చేస్తారా?"

"సీట్లు బయటున్నాయి, కనపడట్లా?"

"డ్రైవరు సీటొక్కటీ పెట్టండి. చాలు."

"పాపని ఎక్కడ పెడతావ్? నెత్తిమీదా?"

అమ్మాయి కోటు మీంచే పిల్ల వీపు తడుతోంది. పిల్ల ముక్కు కారుతోంది, ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా ఈల వినిపిస్తోంది. ఈ చలిలో, ఈ వానలో, గుట్ట మీంచి ఇంత దూరం! వెర్నాకి ఒళ్లు మండింది. భయం కూడా వేసింది. ఆ రెండూ కలిసి గొంతు పెద్దదైంది.

"సముద్రంలో ఎందుకు దిగుతున్నావ్?"

గొట్టం చుడుతున్న గుర్మేజ్ ఆగిపోయాడు.

"లోతు లేదండీ. మోకాళ్ల దాకానే."

"మోకాళ్ల దాకా వెళ్లినవాళ్లు మెడదాకా వెళ్లలేరా? దాన్ని కూడా తీసుకునే దిగుతున్నావా?"

అమ్మాయికి ఆ మాట అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక మొదటిసారి సూటిగా చూసింది. "అయ్యో, అది కాదండీ! సామాను అందిస్తున్నా. మా మామయ్యకి."

నిలబడే చెప్పింది. పేరు మారెన్. వాళ్లవాళ్లంతా అవతలి దీవిలో ఉంటారు. మామయ్య చిన్న మోటారు పడవేసుకుని పాత రేవు దగ్గరికి వస్తాడు. ఆటు వేళ నీళ్లు వెనక్కి పోయి పడవ గట్టుదాకా రాదు. పోటు కోసం ఆగడానికి లేదు, ట్రెంట్ డ్యూటీలో ఉన్నప్పుడే ఈ అమ్మాయి వెళ్లి, నీళ్లలోకి దిగి ఒక్కో సంచీ అందించి వచ్చేస్తుంది. పాత దుప్పట్లు, పిల్ల చలికోట్లు, అడుగున పడేసిన బట్టలు. ఇంట్లోంచి పోయినా అతను చూసుకోని వస్తువులు.

"అన్నీ వెళ్లిపోయాయి. ఇంక మేమిద్దరమే ఉన్నాం. ఇవాళ వస్తానన్నాడు మామయ్య."

"కొడతాడా నిన్ను?"

"లేదండీ."

"తాగుతాడా?"

"లేదు."

"మరి పోలీసులకి గానీ ఎవరికైనా చెప్పావా?"

"ఏమని చెప్పనండీ? తిట్టడు కూడా. అడుగుతాడు. కొట్లో ఎవరు కనపడ్డారు, ఏం మాట్లాడారు, కారు మీటరు ఎందుకింత తిరిగింది, సీటు ఎందుకు వెనక్కి జరిగింది. నేను చెప్తాను. మళ్లీ అదే అడుగుతాడు. తెల్లారేదాకా అడుగుతాడు, మెల్లగానే. బయటినుంచి రాగానే నా బూట్లు తిరగేసి చూస్తాడు, ఏ మట్టి ఉందోనని."

వెర్నా తన చేతుల్లో ఉన్న జిగురు గొట్టాన్ని చూసుకుంది. మూత పెట్టింది. పెట్టిన మూత మళ్లీ తీసింది.

"మీరు ఆయనకేమైనా చెప్పారాండీ?" అంది మారెన్.

"ఉప్పని చెప్పాను."

అమ్మాయి ఏడవలేదు. కోటు పై బొత్తం ఊడి ఉంటే పెట్టుకుంది, అంతే. పిల్ల అప్పటికే గునుస్తోంది, కాసేపట్లో ఏడుపు లంకించుకునేలా ఉంది. అప్పుడు ఫోన్ మోగింది.

పిల్ల ఆగిపోయింది. ఎవరూ దాని నోరు ముయ్యలేదు, బుజ్జగించలేదు. ఫోన్ చప్పుడుకే పెదాలు బిగించి, కళ్లు పెద్దవి చేసుకుని తల్లి మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. మారెన్ గబుక్కున స్తంభం వెనక్కి వెళ్లింది.

ఫోన్ మోగితే ఏడుపు ఆపే పసిపిల్లని వెర్నా ఎక్కడా చూడలేదు.

"మా ఆవిడ అక్కడికొచ్చిందాండీ? ఇంట్లో ఫోన్ ఎత్తట్లేదు" అన్నాడు ట్రెంట్.

ఈ అమ్మాయి చెప్పేది అబద్ధమైతే? మామయ్య అనేవాడే లేకపోతే? పడవలో ఉన్నది ఇంకెవరో అయితే? పిల్లనెత్తుకుపోవడానికి సాయం చేసినట్టు కాదూ? గొట్టం పెట్టి చూసే పనైతే చూసేది. పౌడరు చల్లి గీత పడేదాకా కూర్చునేది. ఫోనవతల గాలి హోరుమంటోంది. స్తంభం వెనక పిల్ల ఊపిరి సన్నగా ఈల వేస్తోంది.

"ఎవరూ రాలేదు" అంది వెర్నా. "మీరు ఫోన్ చెయ్యడమే మంచిదైంది. పొద్దున నేను చెప్పింది తప్పు."

"ఏది తప్పు?"

"ఉప్పు. అది సముద్రం కాదు. మీరు పెట్టిన సిలికాన్ కారుకి పనికిరాదు. అందులోంచి యాసిడ్ లాంటి పులుపు దిగి ఇనుముని తింటుంది, తెల్లగా పేరుకుంటుంది. ఆ తెలుపు నీళ్లలో కలిస్తే నాలుకకి ఉప్పులాగే తగులుతుంది. నేనే పొరబడ్డాను."

"అలా ఎలాగండీ? నేను డబ్బా మీదంతా చదివే పెట్టాను."

"డబ్బా మీద రాసింది కారు చదవదు కదా. నమ్మకపోతే డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికే రండి. గుర్మేజ్ నీళ్లు పోసి చూపిస్తాడు, ఏ రంధ్రం మూశారో, దేనివల్ల ఎక్కడ తడిసిందో అన్నీ. మీ కళ్లతో మీరే చూసుకోండి."

అతని లోపల ఏం జరుగుతోందో వెర్నాకి తెలుసు. చూపిస్తానంటే రాకుండా ఉండలేని జబ్బు అది. తనకూ ఉంది.

"నేరుగా వస్తాను" అన్నాడు.

ఫోన్ పెట్టేసింది. గుర్మేజ్ తలపాగా సర్దుకుంటూ ఆమెనే చూస్తున్నాడు. "అంటే ఆయన్ని నేను పట్టుకుని కూర్చోవాలి."

"కింది నుంచి పైకి రా. ప్రతి అతుకు దగ్గరా ఆగు. లోపల కూర్చోబెట్టు, చేతికి టార్చి ఇవ్వు."

"ఓపిక లేదని రోజూ నన్ను తిడతావు కదా బెహన్‌జీ."

"ఇవాళ్టికి తెచ్చుకో."

"పిల్ల సీటేదంటే?"

"తడిసిందని ఆరబెట్టాం."

పిల్ల సీటుని వెర్నా తన పికప్ బండిలో తనే బిగించింది. బెల్టు రెండుసార్లు లాగి చూసింది. మారెన్ పక్కన ఇరుక్కుని కూర్చుంది. వానలో బయల్దేరారు.

మారెన్ కోటు లోపల్నుంచి పాలసీసా తీసింది, తన ఒంటి వెచ్చదనంలోనే దాచుకొచ్చినట్టుంది. పిల్ల గుటగుటా తాగి, మధ్యలోనే రెప్పలు వాల్చేసింది.

రేవు కార్మికుల బళ్లు ఎదురు రావడం మొదలైంది. మారెన్ సీటులో కిందికి జారింది. ఓ తెల్ల బండి దగ్గరికొచ్చి నెమ్మదించినట్టనిపించింది. వెర్నా స్టీరింగు మీద వేళ్లు బిగించి, అద్దంలో వెనక్కి చూసింది. ఆ బండి వెళ్లిపోతూనే ఉంది. అతనో కాదో తెలియలేదు.

"పిల్లకి ఈ ఆయాసం ఎన్నాళ్ల నుంచి?" అంది.

"కారు తడిసినప్పట్నుంచీనండీ."

"వెనక తలుపు నీళ్లు. అవి కుళ్లాయి. రంధ్రాలు మూసేస్తే ఎక్కడికి పోతాయి?" అని, "ఆ దీవిలో డాక్టరున్నాడా?" అంది.

"నర్సు వస్తుంది. వారానికోసారి."

"రాగానే చూపించు. కాదు, వచ్చేదాకా కూడా ఆగకు. ఫోన్ చెయ్యి."

"సరేనండీ."

మూతబడ్డ చేపల ఫ్యాక్టరీ వెనక ఉంది పాత రేవు. ఎవరూ లేరు. చెక్క పలకల మీద పాకుడు. నీళ్లు చాలా వెనక్కి పోయి, నల్లరాళ్లూ నాచూ బయటపడ్డాయి. వాటికవతల మసక వానలో ఓ చిన్న పడవ, అందులో నారింజరంగు కోటు వేసుకున్న ముసలాయన. దగ్గరికి రాలేదు, చెయ్యి మాత్రం ఎత్తాడు.

"ఈయనేనా?"

"ఆఁ."

"పేరేంటి?"

మారెన్ ఆమె వైపు తిరిగింది. "నన్ను నమ్మట్లేదాండీ?"

"నమ్మట్లేదు. పేరు చెప్పు."

"ఆస్మండ్."

వెర్నా రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుంది. "ఆస్మండ్!"

"ఓయ్!" అన్నాడు ముసలాయన. "అరవకు తల్లీ, పిల్ల లేస్తుంది. తొందరగా రండి, నీళ్లింకా పోతున్నాయి."

"సరిపోయిందాండీ?" అంది మారెన్. పెదవి చివర చిన్న నవ్వులాంటిది వచ్చి పోయింది.

"ఒక్క పేరుతో ఏం తెలుస్తుంది? నడు."

సంచులతో అయితే మారెన్‌కి అలవాటే. పిల్లతో ఆ రాళ్ల మీద నడవాలంటే జంకింది. వెర్నా పిల్లని తన కోటులో చుట్టుకుంది. మారెన్ ముందు నడిచి, నీళ్లలో దిగి, పడవ అంచు పట్టుకుని ఎక్కింది. వెనక వెర్నా దిగింది. బూట్లలోకి చలి కత్తిలా దిగింది. పాదాల కింద రాళ్లు కదులుతున్నాయి. ఒక్కో అడుగూ పెట్టి, ఆగి, నిలుస్తుందా లేదా చూసుకుని ఇంకోటి వేసింది. పడిపోతే ఎటు పడాలో కూడా ఆలోచించుకుంది, వెనక్కి, పిల్ల పైన ఉండేట్టు. పిల్ల కళ్లు విప్పి, టోపీ కింద ఆ ముసలి మొహాన్ని చూసింది. ఏడవలేదు. వాన చుక్క బుగ్గ మీద పడితే వెర్నా వంకర చిటికెన వేలితో తుడిచింది.

మారెన్ చేతులు చాచి అందుకుంది.

"ఆయన మిమ్మల్ని అడుగుతాడండీ" అంది.

"అడగనీ."

"అడుగుతూనే ఉంటాడు."

"నేనూ అంతే" అంది వెర్నా. "పో."

ముసలాయన తాడు లాగాడు. ఇంజను దగ్గి, అందుకుంది. పడవ వెనక్కి తిరిగి వానలోకి పోయింది. ముందు నారింజరంగు కోటు కనపడింది, తర్వాత అదీ లేదు. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి చూస్తూ ఉండిపోయింది వెర్నా. దీవి ఎడమ వైపు. పడవ ఎడమకి తిరిగిందో లేదో చూద్దామనుకుంది. ఏమీ కనపడలేదు. చప్పుడు మాత్రం కొంతసేపు వినపడింది, అది ఎటు పోతోందో చెవి పెట్టి వింది. తర్వాత నీళ్ల మీద వాన చప్పుడే మిగిలింది.

బండెక్కి తలుపు వేసుకునేసరికి ఒళ్లంతా వణుకు. ఫోన్ మోగింది.

"బెహన్‌జీ" అన్నాడు గుర్మేజ్ గుసగుసగా. వెనక నీళ్ల చప్పుడు. "ఇంకా ముందు తలుపు దగ్గరే ఉన్నాం. నేను పైకి పోదామంటే ఒప్పుకోవట్లేదు. ఇంకా నెమ్మదిగా పొయ్యి, నేను చూడాలి అంటున్నాడు. పౌడరు తనే చల్లుకున్నాడు."

"పొయ్యి" అంది వెర్నా. "ఎంతసేపు చూస్తానంటే అంతసేపు పొయ్యి."

ఫోన్ పక్కన పెట్టి, బెల్టు విప్పుదామని పిల్ల సీటు వైపు వంగింది. మెత్త మడతలో పాలసీసా పడి ఉంది. సగం పాలు అలాగే ఉన్నాయి. తీసి రెండు చేతుల మధ్య పట్టుకుంది. అది ఇంకా గోరువెచ్చగా ఉంది.